పెరటి వంగకు పుచ్చు, షెడ్డులో పట్టుపురుగు

లేపాక్షి, హిందూపురం చుట్టుపక్కల ఊళ్లలో పెరటి వంగకు పురుగు పడితే, ఏ మందు కొట్టాలని అడిగే ముందు ఇంకో మాట అడగాలి: షెడ్డులో పురుగులు ఎన్నో జ్వరం దాటాయి? మన షెడ్డు కాకపోతే పక్కింటివాళ్ల షెడ్డు. పట్టుపురుగు మేత మాని, కదలకుండా పడుండి, పాత చర్మం విడిచే ఆ సమయాన్ని రైతులు జ్వరం అంటారు. గుడ్డు పగిలిన నాటి నుంచి గూడు కట్టే దాకా 4 జ్వరాలు, 5 దశలు, సుమారు 25 రోజులు.

ఆ 25 రోజుల్లో పెరట్లో ఏది పిచికారీ చేసినా అది గాలికి పట్టుపురుగు తినే మల్బరీ ఆకు మీద పడొచ్చు, లేదా చేతికంటుకుని షెడ్డులోకి నడిచిపోవచ్చు. వంకాయను తొలిచేది, టమాటాలో తలపెట్టి తినేది, కరివేపాకు కొరికే పచ్చపురుగు, పట్టుపురుగు... నాలుగూ రెక్కల చిలుకల పిల్లలే. ఒకే కుదురు. ఒకదాన్ని చంపేది రెండోదాన్ని వదిలిపెట్టదు. అందుకే ఇంటిపంట మీద అందరూ చెప్పే సలహాల్లో, ‘ఇది ప్రకృతి మందు, ఏం కాదు’ అనే వాటిలో కొన్ని ఈ ప్రాంతానికి అసలు సరిపడవు. దేశంలో మల్బరీ పట్టు ఎక్కువగా పండేది కర్ణాటకలో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో. ఆంధ్రలో ఆ పట్టుకు ముఖ్యమైన చోట్లలో హిందూపురం సీమ ఒకటి. గూళ్ల మార్కెట్ హిందూపురంలో ఉంది, రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఊరి పక్కనే కిరికెరలో ఉంది, చీర నేసే మగ్గం ధర్మవరంలో ఉంది.

ముందు రూపాయల లెక్క

వంద గుడ్లు తెచ్చుకున్న చిన్న రైతును తీసుకుందాం. ఇక్కడి లెక్కలో ఒక గుడ్డు అంటే ఒక తల్లి చిలుక పెట్టిన గుడ్లన్నీ కలిపి. కాబట్టి వంద గుడ్లంటే 40 వేలకు పైగా పురుగులు. బాగా పండితే 60 నుంచి 70 కిలోల గూళ్లు. మార్కెట్ ధర ఏ రోజుకు ఆ రోజే. లెక్క కోసం కిలో 500 అనుకుంటే 60 కిలోలకు 30,000 రూపాయలు.

అదే ఇంటి పెరట్లో వంగ మొక్కలు నాలుగు, టమాటాలు ఆరు, బెండ ఒక సాలు, గోడ పక్కన కరివేపాకు చెట్టు. పురుగు పడి 10 కిలోల కాయ పాడైందనుకుందాం. కిలో 40 చొప్పున నష్టం 400. అంటే 400 రూపాయల కాయను కాపాడుకోవడానికి, దానికి 75 రెట్ల సొమ్మును ప్రమాదంలో పెడుతున్నాం. మిగతా ఊళ్లలో పెరటి పురుగు ఒక విసుగు, అంతే. ఇక్కడ మాత్రం దానికి వేసే మందే అసలు సమస్య.

ఈ ప్రమాదం 25 రోజులూ ఒకేలా ఉండదు. చివరి దశ, అంటే నాలుగో జ్వరం నుంచి లేచాక గూడు కట్టే వరకు, దాదాపు వారం రోజులే. పురుగు జీవితమంతా తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ వారంలోనే తింటుంది. ఆకు మీద మందు ఆనవాలు ఎంత తక్కువున్నా, అది పురుగు కడుపులోకి ఎక్కువగా చేరేది అప్పుడే. పైగా అప్పటికే గుడ్ల ఖర్చు, కూలి, మూడు వారాల ఆకు అన్నీ పెట్టేసి ఉంటారు.

సెంటు భూమికి ఎన్ని చుక్కలు

మందు సీసా మీద రాసేది ఎకరాకు. పెరడు మాత్రం సెంట్లలో ఉంటుంది. ఎకరా అంటే 100 సెంట్లు, సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. ఎకరాకు 200 లీటర్ల మందునీళ్లు అనుకుంటే సెంటు పెరటికి 2 లీటర్లు చాలు.

ఇప్పుడు దుకాణానికి వెళ్లి, “అన్నా, బెండకు పచ్చదోమ పడింది, ఏమన్నా మందియ్యి” అంటే చేతిలో పెట్టేది చాలాసార్లు ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం సీసా. దాని మోతాదు లీటరుకు 0.3 మిల్లీలీటర్లు. రెండు లీటర్లకు 0.6. మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన 12 చుక్కలు. ఇంట్లో ఎవరూ చుక్కలు లెక్కపెట్టరు, మూతతో పోస్తారు. మూతకు 5 మిల్లీలీటర్లు పడితే అది 8 రెట్ల మోతాదు. సీసాలో 100 మిల్లీలీటర్లు ఉంటాయి కాబట్టి సెంటు పెరటికి సరైన మోతాదులో 166 సార్లు వస్తుంది. నెలకోసారి కొట్టినా 13 ఏళ్లకు పైగా. అప్పటిదాకా ఆ సీసా ఏ గూట్లోనో, పిల్లల చేతికందే చోట ఉంటుంది. పట్టుపురుగుకు ఈ జాతి మందులు ఎంత ప్రమాదమంటే, షెడ్డు ఉన్న ఇంట్లో ఈ సీసా ఉండకపోవడమే మేలు.

దోమల చక్రాలు, ప్లగ్గుకు పెట్టే ద్రవాలు కూడా ఇలాంటివే. వాటిలో ఉండేవి పైరెథ్రాయిడ్ రకం మందులు. పాత రైతులు షెడ్డు దగ్గర అగరుబత్తి కూడా వెలిగించనివ్వరు. చాదస్తం అనుకునేవాళ్లు అనుకుంటారు గానీ, దోమల చక్రం విషయంలో వాళ్ల మాట అక్షరాలా నిజం. ఇక ఒకప్పుడు ఇంటింటా తెలిసిన నువాన్, అంటే డైక్లోర్వాస్, 2020 డిసెంబర్ 31తో దేశంలో నిషేధంలోకి వెళ్లింది. పాత సీసా అటక మీద మిగిలి ఉంటే దాన్ని పెరట్లోకి తీసుకురావద్దు. మోనోక్రోటోఫాస్‌కు కూరగాయల మీద అంతకు ముందే అనుమతి లేదు.

మంచి మందుల్లో రెండు పట్టుపురుగు శవం మీద దొరికినవే

రసాయనం వద్దనుకున్నవాళ్లకు మామూలుగా మూడు నాలుగు పేర్లు చెబుతారు: బీటీ, బవేరియా, వేప, పొగాకు కలిసిన కషాయాలు. మనుషులకు వీటితో రసాయనాలంత బెడద లేదన్నది చాలావరకు నిజమే (పొగాకును మినహాయించాలి). పట్టుపురుగు వైపు నుంచి చూస్తే కథ తిరగబడుతుంది.

1835లో ఇటలీలోని లోది ప్రాంతానికి చెందిన అగొస్తీనో బస్సీ, పట్టుపురుగులు ఒళ్లు బిగుసుకుని తెల్లగా గట్టిపడి చచ్చిపోయే రోగానికి కారణం ఒక బూజు అని రుజువు చేశాడు. దాని మీద ఆయన పాతికేళ్లు కూర్చున్నాడు. సూక్ష్మజీవి వల్ల జంతువుకు రోగం వస్తుందని చూపిన తొలి రుజువుల్లో అదొకటి, పాశ్చర్ కంటే ముందు. మన రైతులు సున్నకట్టు అనేది ఆ రోగాన్నే. ఆ బూజుకు తర్వాత బస్సీ పేరే పెట్టారు: బవేరియా బాసియానా. ఇప్పుడు అదే బూజును పొడిగా, ద్రవంగా చేసి లీటరుకు 5 గ్రాములు అని రాసి జీవ మందుగా అమ్ముతున్నారు. ఇంటిపంటలో తెల్లదోమకూ తామర పురుగుకూ అది పనిచేస్తుంది. కానీ దాని బీజాలు గాల్లో తేలిపోతాయి, చల్లగా తేమగా ఉంటే బతికి మొలుస్తాయి. వానాకాలంలో, చలికాలంలో షెడ్డులో సున్నకట్టు రాకుండా సున్నం చల్లి, బ్లీచింగ్ కొట్టి తంటాలు పడుతూ, ఇవతల పెరట్లో అదే బూజును డబ్బు పెట్టి కొని చల్లడం ఏం తెలివి?

1901లో జపాన్‌లో ఇషివాతా షిగెతానే ఉన్నట్టుండి కూలిపోయి చచ్చే పట్టుపురుగుల్లోంచి ఒక బాక్టీరియాను వేరుచేశాడు. పదేళ్లకు, 1911లో, జర్మనీలోని తురింగియాలో పిండి చిలుక పురుగులో ఎర్నెస్ట్ బెర్లినర్‌కు అదే దొరికింది. ఆ ప్రాంతం పేరుతోనే దానికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు వచ్చింది. అదే బీటీ. డైపెల్, డెల్ఫిన్ వంటి పేర్లతో దొరికే మందు ఇదే. పురుగు ఆకుతో పాటు దాన్ని తింటే, దాని పేగులోని క్షారంలో స్ఫటికం కరిగి విషమవుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం కాబట్టి మనకు ఏమీ కాదు. పట్టుపురుగు పేగు మాత్రం కాయతొలుచు పురుగు పేగు లాగే క్షారమయం. జన్యువు మార్చిన బీటీ వంగలో పెట్టింది కూడా ఈ బాక్టీరియా జన్యువే. హైదరాబాద్, బెంగళూరు సహా ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు జరిపాక, 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని ఆపేశారు. ఆ వాదనల్లో ఎవరిది ఒప్పన్నది వేరే కథ. షెడ్డున్న ఇంటికి మాత్రం బీటీ పిచికారీ ఖాయంగా వద్దు.

పొగాకు సంగతి ఇంకా సూటి. ప్రకృతి సేద్యంలో పేరున్న అగ్నిఅస్త్రంలో గోమూత్రం, వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు ఉడికిస్తారు. అందులోని నికోటిన్ పట్టుపురుగుకు విషం. పొగాకు చేను పక్కనున్న మల్బరీ ఆకు మేపితేనే పురుగులు తల ఊపుతూ, కక్కుతూ పోతాయి. పెరట్లో ఉడికించిన కషాయం సహజమైనదైనంత మాత్రాన నికోటిన్ మెత్తబడదు.

ఇక వేప. ఇందులో కొంత వెసులుబాటు ఉంది కాబట్టి కాస్త ఆగి చూడాలి. వేపలోని అజాడిరాక్టిన్ పురుగును వెంటనే చంపదు. మేత మాన్పిస్తుంది, చర్మం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది. నాలుగు జ్వరాలు దాటితే తప్ప గూడు కట్టని పురుగుకు ఇది ఎంత దెబ్బో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఎండకు వేప కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది. బీటీ, బవేరియాల్లా షెడ్డులో తిష్ట వేసి పెరగదు. అందుకే వేపను తేదీ చూసుకుని వాడొచ్చు.

వాడేటప్పుడు అంకె చూడాలి. దుకాణంలో వేప మందు 300, 1500, 10,000 పీపీఎంలలో దొరుకుతుంది. 1500 రకానికి లీటరుకు 5 మిల్లీలీటర్లు చెబుతారు. డబ్బా మీది అంకె చూడకుండా అన్నిటికీ అదే 5 పోస్తే 300కూ 10,000కూ మధ్య తేడా 33 రెట్లు. ఇంట్లోనే చేసుకుంటే ఈ గొడవ తక్కువ. వేసవి చివర రాలిన వేపపండ్ల గింజలు నీడలో ఎండబెట్టి, పొట్టు తీసి, లీటరుకు 50 గ్రాముల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. సెంటు పెరటికి 2 లీటర్లు, అంటే 100 గ్రాములు. సాయంత్రం పూట, ఆకు అడుగున కొట్టాలి.

చేత్తో గెలిచే లెక్కలు

పెరటి వంగలో అసలు శత్రువు మొవ్వు, కాయ తొలుచు పురుగు. పొద్దున పూట చూస్తే చెట్టంతా నిటారుగా ఉంటుంది, ఒకటి రెండు చిగుళ్లు మాత్రం నీళ్లు చాలనట్టు తల వాల్చి ఉంటాయి. ఆ వాలిన చోటికి రెండు మూడు అంగుళాల కింద సన్నటి రంధ్రం, రంధ్రం మూతి దగ్గర నల్లటి పిసరు కనబడతాయి. కొమ్మను చీల్చితే లోపల లేత గులాబీ రంగు పురుగు. గుడ్డులోంచి బయటపడిన కొన్ని గంటల్లోనే అది లోపలికి దూరుతుంది. ఆ తర్వాత పైన ఏ మందు కొట్టినా దానికి తగలదు. పొలాల్లో వారానికి రెండుసార్లు మందు కొట్టినా వంకాయ పుచ్చు తగ్గకపోవడానికి కారణం ఇదే.

అయితే దాని బలమే దాని బలహీనత. పురుగు లోపల కనీసం 12 రోజులు ఉంటుంది. మీరు వారానికోసారి, ఏదో ఒక రోజు ఖాయం చేసుకుని, వాలిన చిగుళ్లన్నీ కోసేస్తే 12 రోజుల్లో ఆ పురుగు మీ చేతిని ఒక్కసారైనా తప్పించుకోలేదు. పది మొక్కలకు పది నిమిషాలు పట్టదు. కోసినవి చెట్టు కిందే వదిలేస్తే శ్రమ వృథా. లోపలి పురుగు బయటికొచ్చి మట్టిలో, రాలిన ఆకుల్లో గూడు కట్టి రెండు వారాల్లోపే చిలుకై వస్తుంది. సబ్బు నీళ్ల బక్కెట్లో వేయాలి లేదా కాల్చాలి.

దానికి తోడు లింగాకర్షక బుట్ట ఒకటి వేలాడదీయొచ్చు. ఈ విద్య కూడా పట్టుపురుగు పెట్టిన భిక్షే. 1959లో జర్మనీలో అడాల్ఫ్ బుటెనాంట్, 5 లక్షల ఆడ పట్టుచిలుకల నుంచి మగచిలుకను పిలిచే వాసనను కొద్ది మిల్లీగ్రాములు వేరుచేశాడు. పురుగుల లోకంలో ఆ వాసన పదార్థాన్ని కనుక్కోవడం అదే మొదలు. దానికి బాంబికోల్ అని పేరు. వంగ పురుగు ఎర వంగ మగచిలుకనే పిలుస్తుంది, పట్టుచిలుకకు అది పట్టదు. కాబట్టి షెడ్డు గోడకే తగిలించినా భయం లేదు. ఎరను నెలకోసారి మార్చాలి.

పేనుబంక లెక్క చూస్తే మొదట గుండె ఝల్లుమంటుంది. కొత్తిమీర, చిక్కుడు చిగుళ్ల మీద మూగే ఈ పేలకు మగ తోడు అక్కర్లేదు, గుడ్డూ అక్కర్లేదు. పిల్లలనే కంటాయి. ఒక్కోటి 50 పిల్లలను కని అన్నీ బతికితే రెండో తరానికి 2,500, మూడో తరానికి 1,25,000. తరానికి వారం పది రోజులు. ఇదంతా కాగితం మీది లెక్క. నిజంలో అక్షింతల పురుగు, దాని ముళ్ల పిల్ల, అల్లిక రెక్కల పురుగు పిల్ల రోజుకు పదుల సంఖ్యలో తినేస్తాయి. మీరు చేయాల్సింది ఆ లెక్కను మొదటి తరంలోనే తెంపడం: పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టడం. కింద పడ్డ వాటిలో ఎక్కువ భాగం మళ్లీ ఎక్కలేవు. తగ్గకపోతే లీటరుకు 5 గ్రాముల సబ్బు నీళ్లు. సబ్బు తడిగా ఉన్నప్పుడు తగిలిన పేనుకే తగులుతుంది, ఆరిపోతే దాని పని అయిపోయినట్టే. పట్టుపురుగు ఇంటికి నేను మొదట చెప్పే మందు ఇదే. చీమలు వరుస కట్టి ఎక్కుతుంటే ముందు వాటి దారి మూయాలి. తీపి జిగురు కోసం అవి పేనుబంకనూ పిండినల్లినీ కాపలా కాస్తాయి.

ఆకు కోసుకు తినే వాటికి అసలు మందు మాటే ఎత్తకూడదు. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, తోటకూర ఈ రోజు కొట్టి రేపు కోసేవి. మందు విరిగే గడువు ఎక్కడుంది? కరివేపాకు మీద నిమ్మ సీతాకోకచిలుక పురుగు చిన్నప్పుడు పిట్టరెట్టలా కనిపించి మోసం చేస్తుంది, పెద్దయ్యాక పచ్చగా లావుగా తేలుతుంది. ఏరేస్తే సరి. బీర, కాకర పిందెలకు పండు ఈగ గుడ్డు పెట్టకముందే కాగితం సంచి తొడగాలి. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా వలలా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి మందు లేదు, నెలలోపు మొక్కకు వస్తే కాపు మీద ఆశ వదులుకుని పీకేయాలి. మిర్చి, టమాటా నారు మీద 40 మెష్ నైలాన్ వల కప్పితే అలాంటి తలనొప్పి సగం తగ్గుతుంది.

పిండినల్లి విషయంలో మాత్రం పెరడే మల్బరీకి శత్రువవుతుంది. మల్బరీ చిగురు ముడుచుకుని గిడసబారే టుక్రాకు కారణమైన గులాబీ పిండినల్లి, ఇంటి ముందున్న మందారం మీదా బెండ మీదా హాయిగా బతుకుతుంది. 2008లో కోయంబత్తూరు దగ్గర కనబడిన బొప్పాయి పిండినల్లి కూడా పెరటి బొప్పాయి నుంచి మల్బరీ తోటల్లోకి పాకింది. మందులతో లొంగలేదు. 2010లో పోర్టోరికో నుంచి తెప్పించి వదిలిన చిన్న పరాన్నజీవి కందిరీగలు దాన్ని అదుపులోకి తెచ్చాయి. టుక్రాకు క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగును ఎకరాకు 250 చొప్పున వదలమంటారు. మన సెంటు లెక్కలో రెండు మూడు. ఈ పురుగు 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి వచ్చింది. మందారం మీద తెల్లటి దూది కనబడితే ఆ కొమ్మ కత్తిరించి సబ్బు నీళ్లలో ముంచడం ఇంట్లో అందరికీ చేతనైన పని.

వేప ఎప్పుడు కొట్టాలి

ఈ సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పొడి ఎక్కువైతే ఎర్రనల్లి, తామర పురుగు, పిండినల్లి పెరుగుతాయి, నీళ్లతో కడగడం ఒక్కటే వాటికి సరిపోకపోవచ్చు. అప్పుడు వేప అవసరం పడొచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేంత బలంగా వీస్తుంది. ఆ నెలల్లో పెరటి పిచికారీ చినుకులు గోడ దాటవని ఎవరూ హామీ ఇవ్వలేరు. మల్బరీకి పడమర పక్కన పెరడుంటే మరీనూ.

మల్బరీకి ఒక కత్తిరింపు నుంచి ఇంకో కత్తిరింపు దాకా 60 నుంచి 70 రోజులు. అందులో చివరి 25 రోజులు పురుగులు మేస్తాయి. మిగిలేవి 35 నుంచి 45. మేత మొదలయ్యే ముందు పది పదిహేను రోజులు ఆకును ముట్టకుండా వదలాలి. అంటే కత్తిరింపు అయిన నాటి నుంచి మూడు నాలుగు వారాలు, అంతే. పెరట్లో వేప కొట్టాలంటే ఆ రోజుల్లోనే, గాలి లేని సాయంత్రం, మల్బరీ వైపు పిచికారీ పోకుండా, పక్కకు తిరిగి కొట్టాలి. రోగార్ లాంటి రసాయనమైతే మల్బరీ మీద పడ్డాక 20 రోజులు ఆగమంటారు కాబట్టి దానికి దొరికే ఖాళీ ఇంకా తక్కువ. తోటను రెండు ముక్కలు చేసి మార్చి మార్చి మేపే ఇళ్లలో ఈ ఖాళీ ఇంకా చిక్కిపోతుంది, ఒక్కోసారి అసలు ఉండదు. అలాంటి ఇంట్లో వేప డబ్బా కూడా కొనక్కర్లేదు. వారం వారం కత్తెర, బక్కెట్, పైపు ఉంటే చాలు.